అడిగే గది కోసం తాడేపల్లి దాకా

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠాలు అర్థం కాలేదు. రెండోసారి, అవి ఎప్పటికీ అర్థం కావని అర్థమైంది. ఆ ఏడే పుస్తకాలు అటకెక్కించి మా నాన్న పక్కన దూది ఏకడానికి కూర్చున్నాను. సింగరాయకొండలో పరుపులు కుట్టే మస్తాన్ అంటే నేనే. పాతికేళ్ళుగా జనాన్ని నిద్రపుచ్చే పనిలో ఉన్నాను. అలాంటి నన్ను, కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో, తాడేపల్లిలో ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు డాక్టర్ల ముందు మాట్లాడమని పిలిచారు. నా మాటలకీ నిద్రపోతారేమోనని బూరుగు దూదితో ఒక దిండు కుట్టి, సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

అసలు సంగతి చెబుతాను. పోయినేడు మా అక్క మొగుడు, బావ సైదులు, ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. మార్టూరు గ్రానైట్ మిల్లుల్లో పద్దెనిమిదేళ్ళు రాయి నునుపు చేశాడు. రాయి అద్దంలా మెరిసింది. పొడంతా బావ ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక రెండే దారులన్నాడు డాక్టరు. ఒకటి, గొంతులో గొట్టం వేసి మిషను మీద ఉంచడం. ఎన్నాళ్ళో చెప్పలేం, మిషను మీంచి దిగుతాడో లేదో కూడా చెప్పలేం. రెండోది, గొట్టం లేకుండా ఆయాసం తగ్గే మందులిచ్చి, ఆక్సిజన్ సిలిండరుతో ఇంటికి పంపడం. ఈ ముక్క ఆయన చెప్పింది బావకి కాదు, నాకు.

నాకే ఎందుకంటే, మా ఇళ్ళల్లో ఒక పద్ధతుంది. పిల్లని చూడటానికి వెళ్ళినా, స్టేషనుకెళ్ళినా, మండలాఫీసుకెళ్ళినా కాస్త నోరున్నవాణ్ణి ముందుకు తోస్తారు. ఆఫీసరు ఒకసారి నవ్వితే పని సగం అయినట్టే లెక్క. మా ఇంటి నోరు నేను. ఆసుపత్రిలోనూ నన్నే తోశారు. "సార్, ఏదున్నా మాకు చెప్పండి, ఆయనకి చెప్పొద్దు. గొట్టం వేసేయండి. అడిగితే నిమ్ము చేసిందనండి" అని వరండాలో డాక్టరు చెవిలో చెప్పాను. అదే ప్రేమనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను.

అప్పుడు వార్డు సిస్టర్ ఎవరికో ఫోన్ చేసింది. వసుంధర అనే మేడం వచ్చింది. ఆమె ఉండే గది మీద ఇంగ్లీషులో 'క్లినికల్ ఎథిక్స్' అని, కింద తెలుగులో 'వైద్య నైతిక సలహా విభాగం' అని రాసుంటుంది. తెలుగులో రాసింది ఇంకా అర్థం కాలేదు. తర్వాత తెలిసిందేమంటే, డాక్టరు ఒక దారి, బంధువులు ఒక దారి లాగుతుంటే, మంచం మీది మనిషి మాట ఏమిటో కనుక్కుని అందరినీ కూర్చోబెట్టడం ఆ గది పని. మేడం నన్ను బయటే ఉండమంది. అక్కని లోపల ఉంచుకుంది. స్టూలు లాక్కుని బావ పక్కన గంటసేపు కూర్చుంది. బావ గొట్టం వద్దన్నాడు. మార్టూరులో తన ఇంట్లో పదకొండు రోజులు ఉండి, కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ గది ఎత్తేద్దామంటున్నారట. అక్కడ కోత లేదు, కుట్టు లేదు, స్కానింగ్ లేదు. దాని వల్ల ఏం ఒరిగిందో చూపించమని యాజమాన్యం అడిగింది. దాని మేలు తెలిసిన వాళ్ళెవరైనా వచ్చి చెబితే బాగుంటుందని మేడం మా అక్కకి ఫోన్ చేసింది. అక్క నాకు చేసింది. మళ్ళీ నోరు బయల్దేరింది.

మార్టూరు

ఒంగోలులో బస్సు మారి మధ్యాహ్నానికి మార్టూరులో దిగాను. ఎప్పుడొచ్చినా నాకు ఇక్కడ మొదట కనిపించేది వేపాకు రంగు. మా వైపు వేపాకు పచ్చగా ఉంటుంది. ఇక్కడ విభూతి రాసుకున్నట్టు ఉంటుంది. రోడ్డుకి రెండువైపులా నున్నటి పలకలు నిలబెట్టి ఉంటాయి, వాటిలో నా పొట్ట నాకంటే ముందు నడుస్తూ కనిపించింది.

అక్క కాశింబీ గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. మనిషి బాగా అలిసిపోయింది. బావ పోయాక తనే ఒక మిల్లు దగ్గర కూలీలకి వంట చేస్తోంది.

"ఏందిరా ఆ సంచి?"

"మేడానికి దిండు. ఉత్త చేతుల్తో ఏం పోతాం?"

"నాకు మాత్రం ఉత్త చేతుల్తో వచ్చావు."

ఎండు రొయ్యల పొట్లం తీసి ముందు పెట్టాను. వాసన చూసి, "కిందటిసారివి ఇంతకంటే నయం" అంది. అయినా గోంగూరలో వేసి వండింది. మా సముద్రపు రొయ్య, వాళ్ళ మెట్ట గోంగూర. రెండు జిల్లాలు ఒకే గిన్నెలో ఇంత సఖ్యంగా ఉండటం నేనెక్కడా చూడలేదు. తింటూ, అక్కడ ఏం మాట్లాడాలో అక్కకి వినిపించాను. మొదట ఒక జోకు, తర్వాత బావ మంచితనం, చివర్లో దండం. అక్క విని, "ఉప్పు సరిపోయిందా?" అంది.

"నువ్వేమన్నా మాట్లాడతావా అక్కా?" అని మర్యాదకి అన్నాను.

"నువ్వున్నావుగా" అని కంచం తీసేసింది. అది ఒప్పుకోవడమే అనుకున్నాను.

గుంటూరు

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. ఆడవాళ్ళకి ఇప్పుడు ఉచితం. అక్క ఆధార్ కార్డు చూపించి కిటికీ పక్కన కూర్చుంది. నేను డబ్బులిచ్చి నిలబడ్డాను. నా సంచి చూసి కండక్టరు, "దిండుకి టిక్కెట్టు తీసుకోవా?" అన్నాడు. "అది ఆడదిండు" అన్నాను. బస్సంతా నవ్వింది, అక్క తప్ప.

చిలకలూరిపేట దాటాక పత్తి చేలు ఎండిన పుల్లలతో ఉన్నాయి. ఆ తర్వాత కల్లాలు మొదలయ్యాయి. నేలంతా ఎర్రటి దుప్పటి పరిచినట్టు మిరపకాయలు. బస్సులో ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. మా వైపు ఒక్క తుమ్ము వినపడితే ప్రయాణం ఆపుకుంటారు. ఆ లెక్కన ఈ జిల్లాలో ఎవరూ గడప దాటకూడదు.

గుంటూరులో దిగి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై. మా ఊళ్ళో ముప్ఫైకి నాలుగు ఇస్తారు. ఇక్కడ మూడే, పైన నెయ్యి పోసి కారప్పొడి చల్లారు. చట్నీ ఎందుకంత ఎర్రగా ఉందని అడిగితే, అది కారం లేని చట్నీ అన్నాడు. నా కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే ఎదుటి బల్ల మనిషి మంచినీళ్ళు జరిపాడు.

అతని పేరు రాజు. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చాడు, మిరప రైతు. వాళ్ళమ్మ ఇక్కడే ఒక ఆసుపత్రిలో ఉందట. కడుపులో గడ్డ. ముదిరిపోయిందన్నారట. అతని ప్లేటులో ఇడ్లీలు ముట్టుకోకుండా ఆరిపోయాయి.

"ఆమెకి చెప్పావా?" అన్నాను.

"ఎట్టా చెప్తాం అన్నా? గ్యాస్ అని చెప్పాం. ఆపరేషను చేయించమంటున్నాడు మా అన్న. నాకేమో ఆమె తట్టుకోలేదని. ఇద్దరం వరండాలో కొట్టుకుంటన్నాం."

"అక్కడ ఇట్టాంటివి చూసే గది ఏమన్నా ఉందా?"

"ఏం గది?"

నేను చెప్పబోయేలోపు, అంతవరకూ తల దించుకుని తింటున్న అక్క అడిగింది. "మీ అమ్మ ఏం పని చేసుద్దయ్యా?"

"కూలీల మేస్త్రి అక్కా. కాయ కోతలప్పుడు నలభై మందిని తోలకపోద్ది."

"నలభై మందిని తోలకపోయే మనిషికి తన కడుపులో ఏముందో తెలియదంటావా?"

రాజు ఇడ్లీ తుంచి మళ్ళీ ప్లేటులోనే పెట్టాడు. లేచి వెళ్ళేటప్పుడు, "ఆసుపత్రి దిండు రాయిలాగుందని అమ్మ ఒకటే గోల అక్కా" అన్నాడు. అక్క నా సంచిలో చేయి పెట్టి దిండు తీసి అతనికిచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు.

"అది మేడానిది!" అన్నాను, అతను వెళ్ళాక.

"ఆమెకి మెడ బానే ఉంది" అంది అక్క.

మీటింగు మర్నాడు కావడంతో ఆ రాత్రికి గుంటూరులోనే, నాకు దూది అమ్మే పాత వ్యాపారి ఇంట్లో ఆగాం. ప్రయాణం చిన్నదే గానీ నాకు వొళ్ళంతా ఎవరో ఏకినట్టుంది. పోయినేడు ఇదే దారిలో అంబులెన్సులో వెళ్ళాం. అప్పుడు కల్లాలేవీ కనపడలేదు.

తాడేపల్లి

మంగళగిరిలో ఆటో మారేటప్పుడు ఎక్కడి నుంచో మగ్గం చప్పుడు వినిపించింది. తర్వాత తాడేపల్లి, అవతల కృష్ణ, దాని అవతల బెజవాడ. ఆసుపత్రి ముందు టీ పదిహేను రూపాయలు. పంచదార అంతా అడుగునే ఉంది, కలపడానికి పుల్ల ఇవ్వలేదు. అక్క గేటు దగ్గర ఆగిపోయి చీర కొంగు రెండుసార్లు సర్దుకుంది. నేను జోకు గుర్తు చేసుకుంటున్నాను.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల. ఒకవైపు యాజమాన్యం తరఫున కళ్ళద్దాలాయన, తెల్లజుట్టు పెద్ద డాక్టరు, ఇంకొందరు. బిస్కెట్లు పళ్ళెంలో పేర్చి ఉన్నాయి గానీ ఎవరూ తినడం లేదు. నేనొకటి తీసుకున్నాను. ఆ గదిలో నేను చేసిన మొదటి తప్పు అదే. నోట్లో బిస్కెట్టు ఉండగానే నా పేరు పిలిచారు.

ఏడో తరగతి జోకు చెప్పాను. నవ్వారు. బావ మంచితనం చెప్పాను. తల ఊపారు. అప్పుడు కళ్ళద్దాలాయన మర్యాదగానే అడిగాడు.

"మీ బావగారు చనిపోయారు కదా. మరి ఈ విభాగం వల్ల మీకు కలిగిన లాభం ఏంటండి?"

నేను దానికి తయారుగా లేను. నోరు మాత్రం ఎప్పుడూ తయారే. "లాభమే సార్! మిషను మీద పెట్టుంటే నెలల తరబడి బిల్లు కట్టి ఇల్లమ్ముకునేవాళ్ళం. మేడం గంట కూర్చుంది, ఖర్చు తప్పింది!"

కళ్ళద్దాలాయన ఉత్సాహంగా రాసుకున్నాడు. పెద్ద డాక్టరు మాత్రం పెన్ను కింద పెట్టేశాడు.

"నేను మొదట్నుంచీ భయపడుతున్నది ఇదే. ఖర్చు మిగలడానికి మనుషుల్ని ఇంటికి పంపే గది అయితే, అది ఈ ఆసుపత్రిలో ఉండటానికి వీల్లేదు."

"అట్టా కాదు సార్..." అని ఇంకో జోకు వేశాను. ఏం వేశానో గుర్తు లేదు. ఎవరూ నవ్వలేదన్నది గుర్తుంది. ఇంత దూరం వచ్చి, నిలబెట్టాల్సిన గదిని నా చేత్తోనే పడగొట్టానని తెలిసి కూర్చున్నాను. వసుంధర మేడం వైపు చూడలేకపోయాను.

ఆమె నన్ను తప్పు పట్టలేదు. డాక్టరుతో వాదించలేదు. బల్ల అటువైపు నుంచి లేచి, కుర్చీ లాక్కుంటూ వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"కాశింబీ గారూ, మీ తమ్ముడు చెప్పింది విన్నాం. మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా? చెప్పకపోయినా ఏం పర్లేదు. మీ ఇష్టం."

అక్క చాలాసేపు బల్ల వైపే చూసింది. ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి. నేను అందుకోబోయాను. మేడం చేయి కొంచెం ఎత్తింది, అంతే. ఆగిపోయాను.

"నా మొగుడు పద్దెనిమిదేళ్ళు రాయి దగ్గర చేశాడు సార్" అంది అక్క. "ఆయన్ని ఎవురూ ఏదీ అడగలేదు. చెప్పేవాళ్ళే. మిల్లులో చెప్పేవాళ్ళు, ఆస్పత్రిలో చెప్పేవాళ్ళు, ఇంట్లో మేం చెప్పేవాళ్ళం. ఈ మేడం స్టూలేసుకుని, 'సైదులు గారూ, మీకేం కావాలండీ' అంటే ఆయన నా మొకం చూశాడు. నన్నేనా అన్నట్టు."

అక్క కొంగు మళ్ళీ సర్దుకుంది.

"ఆయనకి అంతా తెలుసు సార్. మేం దాచామనుకున్నాం. వీడు వరండాలో డాక్టరు గారి చెవిలో చెప్పింది ఆయన మంచం మీంచే విన్నాడు. వీడు గుసగుసలాడితే వార్డంతా వినపడుద్ది. మేం బాధపడతామని ఆయన కూడా తెలియనట్టు నటించాడు. ఆయనకి మేం, మాకాయన, అబద్ధాలు చెప్పుకుంటా విడిపోయేవాళ్ళం. ఆ గంటలో అవి పోయినాయి. తర్వాత పదకొండు రోజులూ నిజాలే మాట్లాడుకున్నాం. పెళ్ళయి ఇరవై రెండేళ్ళకి."

పెద్ద డాక్టరు ముందుకు వంగాడు. "ఇంటికి పొమ్మని మేడం చెప్పిందా అమ్మా?"

"లేదు సార్. గొట్టం కావాలంటే అదే వేయిస్తానంది. పక్క మంచం మీద నరసరావుపేట ఆమె ఉండేది. కొడుకులు ఇంటికి తీసుకుపోతామన్నారు. ఆమె, నాకు వైద్యం చేయండి, నేనుండాలి అంది. ఈ మేడమే కొడుకులతో మాట్లాడి ఆమెని ఉంచింది. ఆమె నడిచి ఇంటికి పోయింది. ఇది ఇంటికి పంపే గది కాదు సార్. అడిగే గది."

"గొట్టం వద్దన్నందుకు ఆయన తర్వాత ఎప్పుడన్నా బాధపడ్డాడా?" అన్నాడు పెద్ద డాక్టరు.

నేనైతే లేదనేవాణ్ణి.

"పడ్డాడు సార్. ఏడో రోజు ఆయాసం బాగా ఎక్కువైంది. తప్పు చేశానేమో కాశీ, అన్నాడు. మేడానికి ఫోన్ చేశాం. ఇప్పుడైనా మనసు మార్చుకోవచ్చు, బండి పంపిస్తానంది. సాయంత్రం దాకా ఆలోచించి, వద్దులే అన్నాడు. మార్చుకోవచ్చని తెలిసినాక నిమ్మళించాడు."

కళ్ళద్దాలాయన రాసుకున్న కాగితం తిప్పేసి, వెనకవైపు మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. ఏం రాశాడో నాకు తెలియదు. ఈసారి నెమ్మదిగా రాశాడు.

బయటికొచ్చాక మేడానికి దండం పెట్టి, "మీ పని చెడగొట్టాను" అన్నాను.

"మీలాంటి తమ్ముళ్ళు లేకపోతే నా గదికి పనుండదండీ" అని నవ్వింది. ఆమె కళ్ళ కింద కూడా బాగా అలసట ఉంది.

తిరుగు బస్సు

చిలకలూరిపేట దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఈసారి నాకూ సీటు దొరికింది. కిటికీలోంచి దుమ్ము, దాంతోపాటు మిరప ఘాటు. కళ్ళు తుడుచుకోవడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

"బావ విన్నాడని నాకెందుకు చెప్పలేదు?" అన్నాను చివరికి.

"ఆ గంట లోపలేం జరిగిందో నువ్వు ఎప్పుడన్నా అడిగావా?"

అడగలేదు. దినాలకి అందరికీ భోజనాలు వడ్డిస్తూ నవ్వించాను గానీ అడగలేదు.

"కోపంగా ఉండేవాడా నా మీద?"

అక్క కిటికీ అద్దం కొంచెం మూసింది. "మొదటి రెండు రోజులు ఉండేది. తర్వాత, వాడు భయపడి అట్టా వాగాడులే అన్నాడు."

అక్కని మార్టూరులో దించి, నేను సింగరాయకొండ వచ్చేశాను. ఆ పైన మూడు రోజులు దుకాణం తెరవలేదు. పెద్ద దూరమేం కాదు, ఎవరైనా ఒక్క పూటలో పోయే దారే. నాకు మాత్రం ఏడాది పట్టినట్టుంది.

రెండు వారాలకి మేడం ఫోన్ చేసింది. గది ఉంటుందట, ఒక ఏడాది పాటు. వారానికి మూడు రోజులే. ఏడాది తర్వాత మళ్ళీ చూస్తామన్నారట. తన వార్డులో ఎవరికైనా గొట్టం వేయాల్సొస్తే ముందుగా ఆ గదికి కబురు పెట్టమని పెద్ద డాక్టరు సిస్టర్లకి చెప్పాడట. మిగతా నాలుగు రోజులు జబ్బు పడేవాళ్ళ సంగతేంటని అడుగుదామనుకుని, ఆమె గొంతులో సంతోషం విని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు కొత్త.

వెంటనే అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "సరేలే" అంది. వెనకాల మిల్లు కూలీల కంచాల చప్పుడు. పెట్టేయబోతుంటే, మనసులో ఉన్నది అనేశాను.

"అక్కా, రేపు నాకేమన్నా అయితే డాక్టర్లతో నువ్వే మాట్లాడు. నా తరఫున ఏం చెప్పాలో నీకే తెలుసు."

"నేనెందుకు చెప్తాను? నిన్నే అడగమంటా" అంది. "నువ్వు నోరెత్తలేని రోజొకటి వస్తే అప్పుడు చూద్దాంలే. అంత అదృష్టం నాకు రాసిపెట్టలేదురా."